ముందే పోసిన నీళ్ళు

అతనికి ముందు ఇంకా ముగ్గురున్నారు. చేతికర్ర ముసలామె, యూనిఫాం విప్పకుండా వచ్చేసిన బస్సు డ్రైవరు, ఆ తర్వాత బావ. బావ తర్వాత తనే. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా అరగంటలో తన వంతు వచ్చేస్తుంది. ఆ ఊదారంగు తెర పక్కకు లాగి, లోపల మోకాళ్ళూని, తొమ్మిదేళ్ళుగా గొంతులో ఇరుక్కున్న చేపముల్లులాంటి మాటను బయటికి తీయాలి. తీస్తే నెత్తురొస్తుంది, మింగితే ప్రాణం పోతుంది. చర్చి బల్ల మీద పక్కనే కూర్చున్న బావ భుజం తన భుజానికి ఆనుతోంది, వెచ్చగా, ధీమాగా, పెళ్ళిపందిట్లో పెద్దమనిషిలా. ఆ వెచ్చదనానికి దూరంగా జరగాలని ఉంది, జరగలేదు. ఎందుకంటే ఆ మాట బావ గురించే. బావ కుడిచేతికి లేని మూడు వేళ్ళ గురించే.

అసలు ఇవాళ ఈ బల్ల మీద కూర్చోవలసిన అవసరమే అతనికి లేదు. నిన్న సాయంత్రం వరకూ లేదు. అప్పటిదాకా అతని పథకం వేరు. అదిగో, పీఠానికి ఎడమ పక్కన, నడుముల్లోతు నీళ్ళు పట్టే రాతి తొట్టి, సిస్టరమ్మ దాన్ని పొద్దున బ్రష్షుతో రుద్ది కడిగింది, ఇప్పుడు గొట్టం పెట్టి నింపుతోంది, ఆ చప్పుడు చర్చి నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తోంది, ఆ నీళ్ళే అతని పథకం. చీకటి పడ్డాక, ఈస్టరు పండగ ముందురాత్రి జరిగే పాస్కా జాగరణ పూజలో అతనికి మూడూ ఒకేసారి జరగాలి, ముందు జ్ఞానస్నానం, తర్వాత నుదుట తైలంతో భద్రమైన అభ్యంగనం, ఆఖరున నాలుక మీద దివ్యసత్ప్రసాదం. పది నెలలుగా ఆదివారం ఆదివారం క్లాసుకు వచ్చిందీ, ప్రార్థన తప్పినప్పుడల్లా ఏడేళ్ళ కూతురి చేత "నాన్నా, మళ్ళీ మొదట్నుంచి" అనిపించుకున్నదీ ఆ మూడింటి కోసమే. కానీ లోలోపల, ఆఖరికి భార్యకు కూడా చెప్పకుండా, అతను ఎదురుచూసింది మొదటిదాని కోసం. మూడో ఆదివారం క్లాసులో సిస్టరమ్మ చెప్పింది కదా, పెద్దయ్యాక జ్ఞానస్నానం పొందేవాళ్ళకు పుట్టినప్పటి నుంచి ఆ క్షణం దాకా చేసిన పాపాలన్నీ ఆ నీళ్ళతోనే పోతాయి, ముందుగా ఫాదర్ చెవిలో పాపసంకీర్తనం చెయ్యక్కర్లేదు అని. "అన్నీనా సిస్టర్?" అని అడిగాడు. అన్నీ అంది. "నోటితో చెప్పకపోయినా?" మనసులో నిజమైన పశ్చాత్తాపం ఉంటే చాలంది. "అంటే, బాగా పెద్దవి కూడా?" అనేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది. "ఏం నాయనా, ఎవరినైనా పూడ్చిపెట్టి వచ్చావా?" అంది వెనక బల్ల మీది టైలరమ్మ. అతనూ నవ్వాడు. నవ్వుతుంటే వీపున చెమట పట్టడం అతనికి అదే మొదటిసారి.

ముసలామె కర్ర టకటకలాడించుకుంటూ లోపలికి వెళ్ళింది. ఇక ఇద్దరు. ఫాదర్ కూర్చున్న వైపు తలుపు కీలు కిర్రుమంది, దానికి నూనె లేదు, ఎడమ మరలు కూడా వదులైనట్టుంది, పనివాడి చెవి ఎక్కడున్నా ఊరుకోదు. పాపసంకీర్తనపు చెక్కపెట్టె మనుషులు నలుగురు పట్టే లిఫ్టు పెట్టెంత ఉంది, కాకపోతే దానిలో మీటలుండవు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ముందు మీటలన్నీ నొక్కుతారు, తర్వాత తలుపు బాదుతారు, ఆ తర్వాత దేవుణ్ణి పిలుస్తారు, చివరికి అతన్ని పిలుస్తారు. పదిహేనేళ్ళ సర్వీసులో ఎందరినో బయటికి లాగాడు. తనను లాగేవాడెవడు?

నోరా వీపుకు తేకే అన్నారు పెద్దలు ఊరికే కాదు. ఈ బల్ల మీదికి అతన్ని లాక్కొచ్చింది అతని నోరే. రెండు నెలల కిందట క్లాసులో ఫాదర్ ఒక్కొక్కరినీ అడుగుతున్నారు, తల మొత్తం నీళ్ళలో ముంచుతాను, భయపడేవాళ్ళు ముందే చెప్పండి అని. తన వంతు రాగానే నలుగురినీ నవ్విద్దామనిపించింది. అమ్మ చెప్పే కథ ఎత్తుకున్నాడు. తను ఏడో నెలలోనే ఊడిపడ్డాడు, అరచేతిలో ఇమిడేంత, నెలతక్కువోడనే పేరు ఈనాటికీ పోలేదు. ఆసుపత్రిలో తెల్లబట్టల నర్సు సిస్టరు చూసి, వీడు తెల్లారేదాకా ఉండడనుకుని, గ్లాసుతో నీళ్ళు తెచ్చి నెత్తిన మూడుసార్లు పోసి ఏదో గొణిగింది. మంచం మీద నుంచి అమ్మ కేకలేసింది, "అసలే గుడ్డు చల్లబడి చస్తుంటే నీళ్ళు పోస్తావేంటమ్మా తల్లీ" అని. ఆ సిస్టరేమో, "పోతే పోతాడు, ఉంటే గట్టిపడతాడు" అందట. కాబట్టి ఫాదర్, నన్ను ముంచడం ఇవాళ కొత్తేం కాదు, అని ముగించాడు. అందరూ నవ్వారు. సిస్టరమ్మ నవ్వలేదు. పెన్ను మూత తీసి, ఆ ఆసుపత్రి ఎక్కడ బాబూ అని అడిగి, రాసుకుంది. తను హుషారుగా ఊరు, వీధి, సంవత్సరం అన్నీ చెప్పాడు. మరణశాసనం తన నోటితో తానే చెప్పి రాయించుకున్న మొనగాడు లోకంలో ఇంకెవడైనా ఉన్నాడో లేదో.

నిన్న ఫాదర్ ఆఫీసు గదికి పిలిచి, శుభవార్త చెప్పే ముఖంతో ఒక కాగితం ముందుకు తోశారు. ఆసుపత్రి ప్రార్థనాలయంలో పాత పుస్తకం దొరికిందట. ముప్పై నాలుగేళ్ళ కిందటి తేదీ, అమ్మ పేరు, మగబిడ్డ, నెలలు నిండలేదు, ప్రాణాపాయంలో జ్ఞానస్నానం ఇవ్వబడినది, పోసినామె సంతకం, చూసినామె సంతకం. "నువ్వు ఇన్నేళ్ళూ మావాడివేనయ్యా, నీకే తెలీదు" అన్నారు ఫాదర్. ప్రాణం మీదికొస్తే ఎవరు పోసినా చెల్లుతుందట. చెల్లిన జ్ఞానస్నానం మనిషికి ఒక్కసారేనట, రెండోసారి పోయడం కుదరదట. మరి రేపో, అని అడిగాడు అతను. రేపు విశ్వాసప్రమాణం, అభ్యంగనం, సత్ప్రసాదం, అన్నీ ఉంటాయి, నీళ్ళొక్కటే ఉండవు. "అయితే ఆ నీళ్ళు అప్పటిదాకా ఉన్నవాటికే సరి. తర్వాత చేసినవన్నీ నోటితో చెప్పుకోవాలి. రేపు నాలుగింటికి వచ్చెయ్, మీ బావను కూడా తీసుకురా, ఎలాగూ జ్ఞానతండ్రి ఆయనే కదా, పక్కన ఉంటే నీకు ధైర్యం." ధైర్యం. ఫాదర్ ఆ మాటే అన్నారు.

ఆ రోజు కూడా ఇదే వేళ, మధ్యాహ్నం నాలుగు. పన్నెండంతస్తుల ఆఫీసు భవనం. అప్పటికి బావ బావ కాదు, మేస్త్రీ. పని నేర్పిన గురువు, తిట్టినా టీ తాగించి మరీ తిట్టే మనిషి. మేస్త్రీ ఆరో అంతస్తు దగ్గర లిఫ్టు పెట్టె పైకప్పు మీద కూర్చుని, కప్పీ మీది ఇనుపతాడు అరుగుదల చేత్తో తడిమి చూస్తున్నాడు. తను పైన మోటారు గదిలో. కింద మనిషి ఉన్నంతసేపూ మోటారు స్విచ్చు ఆపి, దానికి పసుపుపచ్చ తాళం వేసి, మనిషి ఉన్నాడు అని చీటీ తగిలించాలి. ఎవరు దిగితే వాళ్ళ తాళం, వాళ్ళే వెయ్యాలి, వాళ్ళే తియ్యాలి. ఆ పనికి శాస్త్రమన్నా వేదమన్నా అదే. మేస్త్రీ వేశాడు. దిగేముందు తన కళ్ళెదుటే వేసి, రెండుసార్లు లాగి చూసి మరీ దిగాడు. భవనం మేనేజరు ఫోను మీద ఫోను, పెద్దసారు మెట్లెక్కి వస్తున్నాడయ్యా, నా ఉద్యోగం ఊడుతుందయ్యా అని. టీ వేళ అయింది. మెట్ల మీద ఎవరో నవ్వారు, అచ్చం మేస్త్రీ నవ్వే, దిగి టీకి పోతూ తాళం మరిచాడనుకున్నాడు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. వంగి, మేస్త్రీ అని ఒక్క కేక. ఆ కేక విలువెంత? ఊపిరంత. వెయ్యలేదు. కంపెనీ ఇచ్చిన తాళాలన్నిటికీ ఒకటే చెవి, తన జేబులోనూ ఉంది. తాళం తీశాడు, చీటీ పీకాడు, స్విచ్చు పైకి నెట్టాడు. మోటారు మూరెడు తిరిగిందో లేదో కింద నుంచి ఆ అరుపు వచ్చింది. మనిషి గొంతులో అలాంటిది ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఆపేశాడు. మూడు క్షణాలు. మూడు వేళ్ళు.

ఆరంతస్తులు దూకుతూ దిగాడు, మేస్త్రీని పైకి లాగాడు, కట్టు కట్టడానికి గుడ్డ కోసం మేస్త్రీ సంచి తెరిచాడు. తాళం ఇంకా తన ఎడమచేతిలోనే ఉంది. గుడ్డ బయటికి వచ్చింది, తాళం లోపలికి వెళ్ళింది. ఆలోచించి చేసింది కాదు, చెయ్యి దానంతటది చేసింది, అని తొమ్మిదేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. సరే, ఒప్పుకుందాం. మరి చీటీని నాలుగు ముక్కలు చేసి, నాలుగు వేర్వేరు చెత్తబుట్టల్లో వేసింది ఎవరు? అది కూడా చెయ్యేనా? తర్వాత విచారణ. స్విచ్చు వేసింది నేనే సార్, తాళం లేదు సార్, ఎవరూ లేరనుకున్నా సార్, అని ఏడ్చాడు, ఏడుపు మాత్రం నిజం. తాళం సంచిలో దొరికింది. మంచం మీద మేస్త్రీ కళ్ళు చిట్లించి ఆలోచించి ఆలోచించి, "వేసినట్టే గుర్తు సార్. కానీ సంచిలో ఉందంటే వెయ్యలేదనే కదా" అని ఎడమచేత్తో సంతకం పెట్టాడు. మేస్త్రీని పనిలోంచి తీసి స్టోరు గదిలో బోల్టులు పంచే కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక తనేమో దేవుడైపోయాడు. నెత్తురోడుతున్న మనిషిని భుజాన వేసుకుని ఆరంతస్తులు దిగినవాడు కదా. ఆ ఏడాది తిరక్కుండానే మేస్త్రీ తన చెల్లెల్ని తెచ్చి చేతిలో పెట్టాడు. పెళ్ళిలో అత్తగారు అందరికీ వేలెత్తి చూపించింది, మావాణ్ణి మోసుకొచ్చింది ఈ అబ్బాయేనని. మోసుకొచ్చాడు, నిజమే. దించలేదు, అంతే.

ముసలామె బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది, కానీ మొహం తేటగా ఉంది. డ్రైవరు టోపీ చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఇక ఒక్కరే.

"ఏరా, అలా వణుకుతున్నావేంటి?" అన్నాడు బావ గుసగుసగా.

"ఏసీకి, బావా."

"ఏసీ ఎక్కడ ఏడ్చింది ఇక్కడ? ఆ ఫ్యానే మనల్ని చూసి తిరగడం మానేసింది." బావ మోచేత్తో పొడిచాడు. "మొదటిసారి అందరికీ ఇంతేలే. నేనైతే తొమ్మిదేళ్ళప్పుడు చెయ్యని పాపాలు రెండు కలిపి చెప్పా. మరీ తక్కువుంటే ఫాదర్ నమ్మరేమోనని."

నవ్వాలి కాబట్టి నవ్వాడు. నవ్వుతూనే రాత్రంతా కూర్చి పేర్చుకున్న రెండో పథకాన్ని మళ్ళీ ఒకసారి తడిమి చూసుకున్నాడు. నీళ్ళు పోతే పోయాయి, పెట్టె ఉంది. పెట్టెలో చెప్పింది పెట్టెలోనే ఉంటుంది. పీక మీద కత్తి పెట్టినా ఫాదర్ బయటికి చెప్పడానికి వీల్లేదు. సిస్టరమ్మ ఆ పాఠం చెప్పినప్పుడు అతను శ్రద్ధగా విన్నాడు, పరీక్షకు చదివే పిల్లాడిలా. ముద్దలాంటి గొంతుతో, వీలైనంత మెల్లగా, ఫాదర్‌కీ తనకీ మధ్యనుండే చెక్క జాలీకి నోరు ఆనించి చెప్పేస్తాడు. దాచకూడదు, దాస్తే చెప్పినట్టే కాదు, పైగా అదింకో పాపం, కాబట్టి పూర్తిగా చెప్తాడు. ఫాదర్ ఒకవేళ, వెళ్ళి ఆయనకే చెప్పు అంటే? అనకపోవచ్చు. అంటే చెప్తానంటాడు. ఎప్పుడని అడగరు కదా. ఎప్పుడో ఒకప్పుడు. అత్తగారు ఎలాగూ పోయింది, పిల్ల పెద్దదవ్వాలి, దాని పెళ్ళవ్వాలి, బావ రిటైరవ్వాలి. రాత్రి పూజలో బావ తన వెనక నిలబడి, అభ్యంగనం వేళ ఆ కుడిచెయ్యి తన భుజం మీద వేస్తాడు, అది జ్ఞానతండ్రి చెయ్యవలసిన పని. రెండు వేళ్ళూ ఒక అరచెయ్యీ. వాటి బరువు కింద నిలబడగలడా? మొన్న రిహార్సల్లో నిలబడ్డాడుగా. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, ఫాదర్ అది భక్తి అనుకున్నారు. ఒక్క రెండు నిమిషాలు ఓర్చుకుంటే ఆ తర్వాత అంతా మామూలే. తొట్టిలో నీళ్ళ చప్పుడు మారింది, నిండబోయే ముందు మారినట్టు, బొంగురుగా.

"నువ్వేం చెప్తావ్ బావా?" అన్నాడు. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఆ చప్పుడు చెవుల్లోకి వచ్చేస్తోంది, అందుకని. అడగకూడని ప్రశ్నని అతనికి తెలుసు. బావ మాత్రం ఏమీ అనుకోలేదు.

"నాదేముందిరా, ప్రతి ఏడూ పాతదే. ఫాదర్ విసుక్కుంటారు కూడా, ఒకసారి క్షమించింది మళ్ళీ మళ్ళీ తవ్వకయ్యా అని. నోరు ఊరుకోదు." బావ తొట్టి వైపు చూశాడు. "వేళ్ళ సంగతి కాదు. నా వేళ్ళు, నా మతిమరుపు, పోనీ. తాళం వెయ్యకుండా దిగి, ఆ స్విచ్చు నీ చేత వేయించా చూడు, అదీ. పాతికేళ్ళ కుర్రాడివి, నాన్న లేడు, పని నేర్చుకుందామని నా దగ్గర చేరినవాడివి. నీ చేతికి నెత్తురంటించా. ఆసుపత్రిలో నువ్వు ఏడ్చిన ఏడుపు నాకింకా వినపడుతుందిరా. చెల్లెల్ని కూడా అందుకే..." అని ఆపేసి, "అందుకేనని కాదులే, మంచోడివనే ఇచ్చాం" అని సర్దుకున్నాడు.

అతనికి ఒక్కసారిగా ఏ చప్పుడూ వినపడలేదు. నీళ్ళు లేవు, కీలు లేదు, వీధిలో బళ్ళు లేవు. ఇన్నాళ్ళూ తను బావ దగ్గర దొంగిలించింది వేళ్ళు అనుకున్నాడు, పని అనుకున్నాడు, మేస్త్రీ అనే మాట అనుకున్నాడు. తొమ్మిది పాస్కాలు. తొమ్మిదిసార్లు ఈ మనిషి ఆ పెట్టెలోకి వెళ్ళి, మోకాళ్ళూని, వేరేవాడి పాపాన్ని తన పాపంగా చెప్పుకుని, తన తప్పు కాని దానికి తలవంచుకుని ఇంటికొచ్చాడు. అంటే ప్రతి ఏడూ అతను ఇంట్లో పిల్లతో ఆడుకుంటూనో, టీవీ చూస్తూనో ఉండగా, ఇక్కడ ఈ తాళం మళ్ళీ మళ్ళీ సంచిలో పడుతూనే ఉంది. ఇంకో ఐదు నిమిషాల్లో మళ్ళీ పడబోతోంది. తను బల్ల మీద కూర్చుని చూస్తుండగా. తర్వాత తను లోపలికి వెళ్ళి, అదే ఫాదర్ చెవిలో, అదే జాలీ దగ్గర, అదే కథ తిరగేసి చెప్తాడు. పాపం ఆ ఫాదర్ రెండూ విని, రెండు నోళ్ళనూ మూసిపెట్టి, రాత్రికి ఇద్దరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టి తైలం రాస్తారు. పారిపోతే? కడుపునొప్పని లేస్తే? తలుపు ఇరవై అడుగుల్లో ఉంది, బండి తాళాలు జేబులో ఉన్నాయి. కాళ్ళు లేవలేదు. భయం ఇంతకాలం అతన్ని పరిగెత్తించింది, ఇవాళ్టి భయం మాత్రం మేకులు కొట్టి కూర్చోబెట్టింది.

డ్రైవరు బయటికొచ్చి, టోపీ తలకెక్కించుకుని, డ్యూటీకి టైమైనట్టు గబగబా వెళ్ళిపోయాడు. బావ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. తెర వైపు రెండడుగులు వేశాడు.

చొక్కా కొస ఎవరో పట్టుకున్నట్టు బావ వెనక్కి తిరిగాడు. పట్టుకున్నది తనే.

"ఏంట్రా, బాత్రూమా? అటు పక్కన."

"ఆ రోజు తాళం నువ్వు వేశావు బావా."

బావ అర్థం కానట్టు చూశాడు.

"వేశావు. రెండుసార్లు లాగి చూశావు. చీటీ కూడా తగిలించావు. నేనే తీశా. టీకి వెళ్ళావనుకున్నా, పిలవకుండా తీశా. నీ సంచిలో వేసింది కూడా నేనే."

బావ తన చేతిని చూసుకోలేదు. పైకి చూశాడు, చర్చి కప్పు వైపు, అంత ఎత్తున ఏదో మోటారు గది ఉన్నట్టు.

"వేశానా?" అన్నాడు.

"వేశావు."

"రెండుసార్లు లాగానా?"

"లాగావు."

"వేశాను," అన్నాడు బావ, ఎవరితోనూ కాదు. ఆ మాట బరువెంతో చేత్తో తూచి చూసుకున్నట్టు మళ్ళీ, "వేశాను" అన్నాడు. తర్వాత మెల్లగా బల్ల మీద కూర్చున్నాడు, అతనికి ఆనుకుని కాదు, ఆ చివర. "మా అమ్మ పోయే ముందు కూడా అడిగిందిరా. అన్నీ గుర్తుంచుకునేవాడివి, అదెలా మరిచిపోయావురా అని. ఏమోనమ్మా, మరిచిపోయా అన్నా. అదే విని పోయింది."

వెనక వరసలో చంటిబిడ్డ తల్లి వంగి, "అన్నయ్యా, మీలో ఎవరైనా వెళ్తారా, నేను వెళ్ళనా?" అని అడిగింది.

"వీడు వెళ్తాడమ్మా," అన్నాడు బావ, అతని వైపు చూడకుండా. "నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు."

"బావా, రాత్రి పూజకి..."

"వెళ్ళు."

ఆ ఒక్క ముక్కలో కోపముందో, ఇంకేముందో పోల్చుకోలేకపోయాడు. పదిహేనేళ్ళుగా ఆ గొంతు వింటున్నాడు, దాని ఎత్తుపల్లాలన్నీ తెలుసనుకున్నాడు. తెర లాగాడు. లోపల పాత చెక్క వాసన, చీకటి, మోకాళ్ళ కింద అరిగిపోయిన దిండు. అతని వెనక తెర పడింది. బయట బల్ల కిర్రుమంది. బావ లేచినట్టా? సర్దుకుని కూర్చున్నట్టా? చెవులు రిక్కించాడు. అడుగుల చప్పుడు వినిపించింది, కానీ అవి బావవో, బిడ్డను జోకొడుతూ అటూ ఇటూ తిరిగే తల్లివో తెలియలేదు. తెర కొంచెం తొలగించి చూస్తే తెలిసిపోతుంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాడు. ఇల్లు, ఇల్లాలు, పిల్ల, ఉద్యోగం, అన్నీ వేలాడుతున్న తాడు ఇంకెన్ని పోగుల మీద నిలిచి ఉందో తెలియదు.

జాలీ వెనక ఫాదర్ గొంతు సవరించుకున్నారు. "చెప్పు బాబూ. భయపడకు, మెల్లగా చెప్పు, నాకు వినపడుతుంది."

"మెల్లగా కాదు ఫాదర్," అన్నాడు అతను. "కాస్త గట్టిగానే చెప్తాను. మా బావ బయట ఉన్నాడో వెళ్ళిపోయాడో తెలీదు. ఉంటే ఆయన కూడా వినాలి."